అప్పగింతల కింద పియానో

ఆ వాన మైదుకూరు దాకా ఆగదు, పది గంటల ఫైలు అది, జపాన్‌లో ఎవరో రేకుల కప్పు కింద మైకు పెట్టి పట్టిన వాన, కర్నూలు బస్టాండులో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడు మొదలైంది, ఓర్వకల్లు బండలు దాటినా కురుస్తూనే ఉంది, కిటికీ బయట కోసిన జొన్నచేలు, గొర్రెల మంద, మంద వెనక లేచిన దుమ్ము, చెవుల్లో మాత్రం చూరు కారుతున్న చప్పుడు, ఫోన్‌లో వాన పెట్టుకుంటే కర్నూల్లో పడతాదా ఏం బేటీ అని ఉమర్ భాయ్ రోజూ అడుగుతాడు, కర్నూలు పాతబస్తీలో ఆయన స్టూడియోలోనే పెండ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది నిస్సీ, పడదు భాయ్, పడేదానికి కాదు ఇది, వేరేది వినపడకుండా ఉండేదానికి, అని చెప్పాలనుకుంటుంది గానీ ఒక్కరోజూ చెప్పలేదు, ఇవాళైతే వాన కింద నుంచి కూడా ఆ పిల్ల గొంతు వినపడుతూనే ఉంది, పొద్దున వచ్చిన వాయిస్ మెసేజి, నిస్సక్కా నేను శ్రీవాణిని, మా ఆడబిడ్డ ఏందేందో అంటాంది, నువ్వు పంపిన ముక్క చూసిందంట, అప్పగింతలప్పుడు పియానో వస్తాది గదా, అది జపాన్ బొమ్మల్లో చెల్లెలు చచ్చిపోయేటప్పుడు వచ్చేదంట గదా, నిజమేనా అక్కా, మా అత్తకు ఇంకా చెప్పల్యా, సాయంత్రం మైదుకూరులో మా అమ్మోళ్లింట్లో నువ్వు తెచ్చే వీడియో అందరూ కూచోని చూస్తారు, ఏమన్నా చేయక్కా, నీకు తెల్సు గదా మా అత్త సంగతి.

నిజమే, చెల్లెలు చచ్చిపోయేటప్పుడు వచ్చేదే, పదకొండో ఎపిసోడు, సముద్రం పక్కన ఉప్పు మడుల ఊరు, అక్కాచెల్లెండ్లు ఇద్దరే ఉండే ఇల్లు, ఆ ఎపిసోడు చివర్లో మాట ఉండదు, ఏడుపు కూడా చూపించరు, కరెంటు తీగలు చూపిస్తారు, పొయ్యి మీద కెటిల్ చూపిస్తారు, గడప దగ్గర చిన్న చెప్పులు చూపిస్తారు, నాలుగు మెట్లు పియానో, మధ్యలో ఖాళీ, మళ్లీ నాలుగు మెట్లు, వెనక యాడనో రైలు, కడపలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టలు మంచం మీద దుప్పటి ముసుగేసుకొని చూసింది, చూసి ముసుగు తీయలేదు, పక్క మంచం పిల్ల జ్వరమా అని అడిగింది, అవును అంది, అంత వయసొచ్చి ఇంకా బొమ్మలు చూస్తాండావా అని అవ్వ తిట్టేది, అవ్వకు యానిమే అంటే ఏందో చెప్పలేక బొమ్మలే అవ్వా అనేసేది, అప్పటినుంచి ఆ పియానో నిస్సీతోనే ఉంది, పరీక్షకు పోతే ఉంది, అవ్వ పోయినప్పుడు ఉంది, కువైట్‌లో ఇంటిపని చేసే అమ్మ శుక్రవారం ఫోన్ చేసి మాట్లాడుతుంటే ఒక చెవిలో అమ్మ, ఒక చెవిలో అది, ఏమ్మా వింటాండావా అని అమ్మ అడిగితే వింటాండా చెప్పు అని తను, అమ్మ కువైట్ పోయిన రోజు తలుచుకున్నా అదే, కడప బస్టాండు, మద్రాసు పోయే బస్సు, కిటికీలో అమ్మ, నోరు కదులుతుంది, భుజాలు అదురుతాయి, పియానో, తను అప్పుడు నాలుగో తరగతి.

ఇన్నేండ్లలో ఒక్కరన్నా కనిపెట్టలేదు, ఈ పక్క వీటిని చూసేవాళ్లు ఎవరుంటారులే అనుకుంది, అదే ధైర్యం, కోడుమూరులో ఎవరింట్లోనో పుట్టువెంట్రుకలు తీస్తే ఆ వీడియోకు ఇంకో జపాన్ బొమ్మలో దయ్యం అడవి దాటేటప్పుడు వచ్చే వేణువు వేసింది, కృష్ణుడు వాయించినట్టు ఉండాదమ్మా అని ఆ ఇంటి పెద్దాయన మెచ్చుకున్నాడు, నిస్సీ తల వంచుకొని నవ్వుకుంది, ఎవరికీ తెలియని సంగతి ఒకటి తన దగ్గరుంది, పసుపునీళ్లు, తలంబ్రాలు, ఒడిబియ్యం, అన్నిటి కిందా తన సంగీతం పారుతోంది, వాళ్లకు తెలీదు, ఆ తెలియకపోవడమే బాగుండేది, ఇప్పుడు ప్రొద్దుటూరులో ఇంటర్ చదివే ఒక పిల్ల, శ్రీవాణి మొగుడి చెల్లెలు, ముక్క విని పట్టేసింది, కోపం రావాలి, వచ్చింది కూడా, దాని వెనకే ఇంకేదో వచ్చింది, ఆ పిల్లతో కూచోని ఏ ఎపిసోడు దగ్గర ఏడ్చినావు అని అడగాలనిపించింది, ఛీ, అక్కడ శ్రీవాణి కాపురం, ఇక్కడ నాకు ఎపిసోడ్ల కబుర్లు.

ఆ అత్త సంగతి నిస్సీకి ఎట్ల తెలుసంటే వీడియోలో చూసి తెలుసు, పెండ్లివాళ్లను నిస్సీ మనుషులుగా ఎప్పుడూ చూసింది లేదు, కెమెరామెన్ వీరభద్ర తెచ్చిచ్చిన హార్డ్ డిస్కులోనే చూస్తుంది, నిశ్చితార్థం చీరకు నల్ల అంచుందని గడప మీదనే ఆపి వెనక్కి పంపింది ఆమె, కారు కింద పెట్టిన నిమ్మకాయ సరిగ్గా నలగలేదని డ్రైవరును వెనక్కి పోనిచ్చి మళ్లీ తొక్కించింది, అది వీరభద్ర తీశాడు, నిస్సీ నవ్వుకొని కత్తిరించేసింది, అట్లాంటి మనిషి ముందర కోడలి అప్పగింతలకు చావు సంగీతం వేస్తే, వేసింది మేం కాదు, మీరు మాట్లాడుకున్న స్టూడియో వేసింది, అని శ్రీవాణి తల్లి నాగరత్నమ్మ ఎంత మొత్తుకున్నా ఏం లాభం, రేపు ఆ ఇంట్లో పాలు విరిగినా ఆ పియానోనే, అంగట్లో బేరం తగ్గినా ఆ పియానోనే, ఎవరికన్నా ఒళ్లు వెచ్చబడితే ఇంక చెప్పనే అక్కర్లేదు, ఆ మాటలన్నీ పడేది శ్రీవాణి, నిస్సీ కాదు, నిస్సీ కర్నూల్లో వాన వింటూ ఉంటుంది.

నంద్యాల బస్టాండులో బస్సు ఆగితే ఉమర్ భాయ్‌కి ఫోన్ చేసింది, సంగతంతా చెప్పింది, అంటే ఇన్ని రోజులూ మనం పెండ్లిండ్లకు మయ్యత్ బాజా, చావు మేళం వాయించినామా బేటీ అన్నాడు ఆయన, అన్నీ కాదు భాయ్, ఇదొక్కటే, అంది, అన్నీ కాదా అని మనసులో లెక్క పెట్టుకుంది, పెట్టుకోవడం ఆపేసింది, ల్యాప్‌టాప్ నీ దగ్గరే గదా, అందరూ వేసే సినిమా పాట ఉండాదే, అది వేసి పడేయ్, మైదుకూరులో దిగేలోపల అయిపోతాది, వీరభద్ర ఆడ ప్రొజెక్టరు కట్టేసినాడంట, అన్నాడు, ఆ పాట వద్దు భాయ్ అంది, ఎందుకు వద్దు, వాళ్లేమన్నా నిన్ను పాటల పోటీకి పిలిచినారా, అని పెట్టేశాడు.

ఆ పాట వేసిన వీడియోలు ఎన్ని చూసిందో, కూతురు ఎవరైనా తల్లి ఎవరైనా అదే పాట, ఊరు మారినా మనిషి మారినా అది మారదు, అందుకే వద్దనుకుంది మొదట్లో, సరే ఇంకోటి వేద్దామని శిరివెళ్ల దాటినాక ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని తన సంగీతం ఫోల్డరు తెరిచింది, ఇది పెడదామా, ఇది ఆస్పత్రి కిటికీ దగ్గర వచ్చేది, ఇది, యుద్ధం నుంచి అన్న రాని రోజుది, ఇదైతే ఎవరూ చావరు, స్టేషనులో విడిపోతారు, తర్వాత ఒకడు చచ్చిపోతాడు, ఇది కుక్కది, కుక్క కూడా పోతుంది, ఇంకోటి, ఇంకోటి, వరసగా వినుకుంటూ పోతే ఎవరూ పోని సంగీతం తన దగ్గర ఒక్కటీ లేదు, ఇన్నేండ్లుగా ఏరుకున్నదంతా ఇదేనా, మనశ్శాంతికి వింటాను అని అందరికీ చెప్పేది, ఈ శాంతి ఎవరో ఒకరు పోయినాక ఇంట్లో మిగిలేది, అది తెలిసే ఏరుకుందా, తెలియక ఏరుకుందా.

పక్క సీటులో గంప ఒళ్లో పెట్టుకున్న ఒక పెద్దమ్మ శిరివెళ్లలో ఎక్కింది, పేరు గిడ్డమ్మంట, చాగలమర్రిలో కూతురింటికి పోతాంది, అడగకముందే చెప్పింది, గంపలో కోడిపెట్ట, ల్యాప్‌టాప్‌లో శ్రీవాణి, మధ్యలో నిస్సీ మోచెయ్యి, పెండ్లేనా పాపా అంది గిడ్డమ్మ, అవును పెద్దమ్మా అంది నిస్సీ, ఎవురిది, మీ బంధువులదా, కాదు, మరి వాళ్ల పెండ్లి నువ్వెందుకు చూస్తాండావు, పని పెద్దమ్మా, పాట వేయాల, పాటెందుకు, మాట వస్తాది గదా, ఆ పిల్ల తల్లిని పట్టుకోని ఏందో అంటాంది చూడు, ఏమంటాంది.

ఏమంటాంది. నిస్సీ ఆ ముక్కను ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు, కోసింది, అతికింది, వేగం సగానికి తగ్గించింది, రంగు మార్చింది, చూసి చూసి ఒకరోజు తనే ఏడ్చింది, అంతసేపు తల్లిని పట్టుకున్న కూతురిని ఏ పెండ్లిలోనూ చూడలేదు, శ్రీవాణి మొహం తల్లి భుజంలో ఉంటుంది, భుజాలు అదురుతుంటాయి, వదలరు, వదలరు, ఆ వదలకపోవడం చూసే గదా పదకొండో ఎపిసోడు గుర్తొచ్చింది, ఇంతా చేసి ఆ పిల్ల ఏమందో తెలీదు, ఎందుకంటే పనిలో చేరిన రోజు ఉమర్ భాయ్ నేర్పిన మొదటి పాఠం అది, కెమెరా నుంచి వచ్చిన ముక్కలన్నీ పట్టుకో, మ్యూట్ కొట్టు, తర్వాతే ఏ పనైనా, పెండ్లిలో మాటలంతా చెత్త బేటీ, జనరేటరుకు డీజిల్ పోసినారా, పప్పులో ఉప్పు లేదు, బావ యాడికి బోయినాడు, ఎవురు వింటారు, మ్యూట్ కొట్టు, పాట వేయి, అట్లనే కొడుతూ వచ్చింది, చెయ్యికి అలవాటైపోయింది, చూడకముందే మ్యూట్, తెల్దు పెద్దమ్మా అంది, అయితే పెట్టు, విందాం, అంది గిడ్డమ్మ, చాగలమర్రి ఇంకా దూరముంది గదా.

వాన ఆపింది, ఇయర్‌ఫోను తీగ ల్యాప్‌టాప్‌కు తగిలించింది, ఒకటి తన చెవిలో, ఒకటి గిడ్డమ్మ చెవిలో, పియానో తీసేసింది, ముక్క వేగం మామూలుకు తెచ్చింది, శబ్దం తెరిచింది, ముందు గాలి, తర్వాత జనరేటరు, ఎవరో పిల్లోడు ఐస్‌క్రీం అయిపోయిందా అంటున్నాడు, తర్వాత దగ్గరగా వీరభద్ర గొంతు, నాగరత్నమ్మక్కా, ఒగసారి పాపను పట్టుకో, ఇటు తిరుగు, లైటు దిక్కు, కొంచెం ఏడ్చక్కా, ఎవురూ ఏడ్సకుంటే మా ఓనరు నన్ను ఏడిపిస్తాడు, నాగరత్నమ్మ అంటోంది, యాడ ఏడ్సేది వీరభద్రా, పొద్దున్నుంచి అన్నం తిన్ల్యా, నాకు కండ్లు తిరుగుతాండాయి, ఏడుపు రాల్యా, అయినా పట్టుకుంది, పట్టుకున్నాక శ్రీవాణి, అమ్మా కదలాకు, కదలాకు, నీ జుంకీ నా పూలజడలో ఇరుక్కున్యాది, అబ్బా, లాగాకు అంటే, నేను లాగల్యా, నువ్వే లాగుతాండావు, ఇంగ నేను కూడా నీ వెంట ప్రొద్దుటూరు వస్తాలే, ఇట్లనే కారెక్కిద్దాం, అని నాగరత్నమ్మ, అప్పుడు అదిరినాయి భుజాలు, శ్రీవాణి తల్లి భుజంలో మొహం దాచుకొని నవ్వుతోంది, అందరి ముందరా నవ్వకూడదని దాచుకొని నవ్వుతోంది, తల్లి కూడా, ఇద్దరూ ఆపుకోలేక, ఈ పక్క గిడ్డమ్మ గంప ఊగేట్టు నవ్వుతోంది, కోడి అరిచింది, ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు, నిస్సీ నవ్వలేదు, స్క్రీనులో ఎడమ పక్క నుంచి ఒక చెయ్యి వస్తోంది, గాజులున్న చెయ్యి, దాన్ని అడ్డమని తను ఫ్రేములోంచి వీలైనంత కోసేసింది, ఇప్పుడు దానికి గొంతుంది, ఉండు తల్లీ, కదలాకు, పూలు తెగుతాయి, నేను తీస్తా, ఆ చెయ్యి పూలు పక్కకు జరిపింది, జుంకీ తీసింది, తల్లీకూతుర్లు ఊడొచ్చారు, ఊడొచ్చే ముందు నాగరత్నమ్మ నవ్వు ఆగినాక చెవిలో చెప్పినట్టు చెప్పింది, అయినా మైకుకు దొరికింది, రేత్రికి ఫోన్ చెయ్యి, వాళ్ల ముందర గాదు, మేడ మీదికి పోయి చెయ్యి, సరే, నువ్వు మాత్ర మింగు, అంది శ్రీవాణి.

గిడ్డమ్మ ఇయర్‌ఫోను తీసి ఇచ్చింది, దీనికి పాటెందుకు పాపా అంది, మళ్లీ కిటికీ దిక్కు తిరిగింది, నిస్సీ వెనక్కి జరిపి మళ్లీ విన్నది, మళ్లీ విన్నది, ఇది తను కోసిన ముక్కేనా, వేగం సగానికి తగ్గిస్తే నవ్వు ఏడుపైపోతుందా, అయిపోయింది, తనే చేసింది, చేసి దాన్ని చూసి తనే ఏడ్చింది, నాగరత్నమ్మ కూడా ఆ ముక్క చూసి ఏడ్చిందని వీరభద్ర చెప్పాడు, ఆమె ఆ రోజు నవ్విన మనిషి, నవ్విన మనిషిని ఇంట్లో కూచోబెట్టి ఏడిపించింది తను, మెచ్చుకున్నారని ఉమర్ భాయ్ టీ తెప్పించాడు కూడా.

ఆళ్లగడ్డలో ఫోన్ చేస్తే శ్రీవాణి మొదటి రింగుకే ఎత్తింది, గుసగుసగా, అక్కా ఏమైంది, మార్చినావా, మార్చలేదు, తీసేసినా, అప్పగింతలకు పాట లేదు, మీరు మాట్లాడుకున్నది మాట్లాడుకున్నట్టే ఉండాది, జుంకీ ఇరుక్కున్నది, నవ్వింది, అంతా, పెట్టమంటావా అంది నిస్సీ, అవతల గిన్నెల చప్పుడు, ఎవరో బియ్యం చాటలో పోస్తున్నారు, ఒడిబియ్యానికి, అప్పగింతలప్పుడు నవ్వినట్టు కనపడితే ఏమనుకుంటారో అక్కా అంది శ్రీవాణి, సరే, చచ్చిపోయినట్టు కనపడేదానికంటే మేలు గదా, అంది శ్రీవాణి తనే, తర్వాత, అక్కా, జుంకీ తీసింది మా అత్తేలే, నాకిప్పుడు గుర్తొచ్చింది, ఆయమ్మ చెయ్యి కూడా పడిందా, పడింది, నేనే కోసేసినా, అయ్యో, అది పెట్టక్కా, ముందు అది పెట్టు.

పెట్టింది, ఫ్రేము వెనక్కి జరిపితే గాజుల చెయ్యి మొత్తం వచ్చింది, చెయ్యి వెనక మనిషి వచ్చింది, నోట్లో రెండు పిన్నులు పట్టుకొని పూలు తెగకుండా విడదీస్తున్న మనిషి, నిమ్మకాయను రెండోసారి తొక్కించింది ఈమెనే, నల్ల అంచు చీరను గడప మీద ఆపింది ఈమెనే, రెండూ ఆమెనే, సాయంత్రం ఈమె నవ్వుతుందో మొహం ముడుస్తుందో తెలీదు, ముడిస్తే ముడవనీ, జరిగిందాని మీద ముడుస్తుంది, తను వేసిందాని మీద కాదు, ఫైలు తయారవుతోంది, గీత కొద్దికొద్దిగా నిండుతోంది, చాగలమర్రిలో గిడ్డమ్మ దిగింది, పోయొస్తా పాపా, మీ అమ్మకు చెప్పు బొమ్మ బాగా చూపిచ్చినావని, అంది, మా అమ్మ ఈడ లేదు పెద్దమ్మా అనేలోపు గంప దిగిపోయింది.

మీ అమ్మకు చెప్పు, శుక్రవారం చెప్పొచ్చు, అమ్మ శుక్రవారం చేస్తుంది, ఆ పక్క పసుపు తోటలు మొదలైనాయి, దువ్వూరు వస్తోంది, చెవుల్లో ఏమీ లేదు, వాన మళ్లీ పెట్టలేదు, బస్సు అద్దం ఒకటి వదులుగా ఉండి కొట్టుకుంటోంది, ఇందాకటి నుంచీ కొట్టుకుంటోందేమో, కండక్టరు ఎవరితోనో మీ మామ ఇంగా మాట్లాడ్డంల్యా అంటున్నాడు, కడప బస్టాండులో మద్రాసు బస్సుకు కూడా కండక్టరు ఉంటాడు, ఏదో ఒకటి అరిచి ఉంటాడు, అద్దాలు కొట్టుకొని ఉంటాయి, అవ్వ పక్కనే ఉంది, అవ్వ ఊరికే ఉండే మనిషి కాదు, కిటికీలో అమ్మ, నోరు కదులుతోంది, భుజాలు అదురుతున్నాయి, పియానో, ఆగు, ఆ రోజు పియానో యాడిది, అది హాస్టలులో వచ్చింది, శానా ఏండ్ల తర్వాత, దుప్పటి కింద, దాన్ని తీసుకుపోయి ఆ బస్సు కింద వేసింది ఎవరు, తీసేసి చూసింది, అమ్మ ఉంది, నోరు కదులుతోంది, చప్పుడు రావడం లేదు, ఎంత తెరిచినా రావడం లేదు, నాలుగో తరగతి పిల్ల కింద నిలబడి ఉంది, ఆ పిల్ల విని ఉంటుంది, అంత దగ్గరగా నిలబడి వినకుండా ఎట్ల ఉంటుంది, ఏం విన్నదో పోయింది, అమ్మ ఏడుస్తూ పోయింది అని ఇన్నేండ్లు అనుకుంది, అందరికీ అట్లనే చెప్పింది, అమ్మ చెప్పలేదు ఎప్పుడూ, తను అడగలేదు, ఆ మాటలున్న చోటు ఇంకొక్కటే ఉంది, కువైట్‌లో ఉంది, వింటాండావా అని శుక్రవారం శుక్రవారం అదే అడుగుతోంది, మైదుకూరు మైదుకూరు అని కండక్టరు అరుస్తున్నాడు, నిస్సీ ల్యాప్‌టాప్ మూసి లేచి నిలబడింది, ఇయర్‌ఫోన్లు బ్యాగులో పడేసింది, అమ్మ ఆ రోజు ఏడ్చిందో నవ్విందో తనకు తెలీదు.